బాలి నైట్ డైవ్ ప్యాకేజీ: అడ్వాన్సు కొట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

‘తులంబెన్ నైట్ స్కూబా, అనుభవం అక్కర్లేదు’ (అంటే వీపున గాలి సిలిండరుతో రాత్రిపూట సముద్రంలోకి దిగడం) అని రాసి, వెలుగులో మెరిసే తాబేలు బొమ్మ పెట్టిన పోస్టర్ వాట్సాప్‌లో మీకూ వచ్చి ఉంటే, డబ్బు కట్టకండి. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర మేం కొన్నాం, మనిషికి రూ. 11,000. తులంబెన్ వెళ్ళాక అక్కడి డైవ్ షాపు బోర్డు మీద ధర చూస్తే అందులో సగం కూడా లేదు. సరే, కమీషన్లు ఎక్కడైనా ఉంటాయి, నా గొడవ దాని గురించి కాదు.

చోటుకి వంక పెట్టడానికేం లేదు. బాలి ఈశాన్య తీరంలో ఉంటుంది తులంబెన్. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడో తగిలిన అమెరికా సరుకు ఓడ లిబర్టీని అక్కడి ఒడ్డుకి ఎక్కించి వదిలేశారు. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది జరిగి నీళ్ళలోకి ఒరిగిపోయింది. దాదాపు 120 మీటర్ల ఓడ. పైభాగం 5 మీటర్ల లోతులోనే తగులుతుంది, అడుగు 30 మీటర్ల దగ్గర ఉంటుంది. ఒడ్డుకి ఎంత దగ్గరంటే పడవతో పనే లేదు. ఏజెంటు కూడా సరిగ్గా ఈ ముక్కనే పట్టుకున్నాడు: “సార్, బోటు కూడా అక్కర్లేదు, నడుచుకుంటూ దిగిపోవడమే.”

ఆ నడకలోనే ఉంది అసలు కష్టం. అది ఇసుక ఒడ్డు కాదు. పిడికిలంత నుంచి గుమ్మడికాయంత దాకా నల్లటి గుండ్రాళ్ళు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద అవి కూడా దొర్లిపోతాయి. వీపు మీద సిలిండరు, నడుముకి సీసం బరువులు, వీటితో పగలే తూలుతాం. అక్కడి ఊరి ఆడవాళ్ళు సిలిండర్లు నెత్తిన పెట్టుకుని ఆ రాళ్ళ మీద చకచకా నడిచిపోతుంటారు, వాళ్ళని చూసి మనకీ వచ్చేస్తుందనుకోవద్దు. పెద్ద అలలు వరసగా వచ్చి, మధ్యలో కాస్త తెరిపి ఇస్తాయి. మాస్కు పెట్టుకుని, సిలిండరు గాలిని అందించే రెగ్యులేటరు నోట్లో కరుచుకుని, ఆ తెరిపి చూసుకుని దిగాలి. రొమ్ముల్లోతు నీళ్ళు వచ్చాక ఫిన్స్ (కాళ్ళకి పెట్టుకునే ఈత రెక్కలు) తొడుక్కోవాలి. రాత్రి ఆ అల కనబడదు, చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. తెల్లటి నురగలో టార్చి వేసినా కింద రాయి కనిపించదు. అందుకే అదే చోట పగలు ఒకసారి దిగి, ఎక్కడ దిగాలో ఎక్కడ తేలాలో చూసుకున్నాకే రాత్రి దిగాలంటారు. మా డ్రైవరు మమ్మల్ని అక్కడ దింపేసరికే పొద్దు గుంకిపోయింది. బాలిలో ఏడాది పొడుగునా సాయంత్రం ఏడు దాటితే చీకటే.

నాకు ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్ మొదటి కోర్సు పాసైతే ఇచ్చేది) ఉంది. మా బావమరిదికి లేదు, ఈత వచ్చు అంతే. ఈ సంగతి ఏజెంటుకి ముందే రాసి పంపాం. జవాబుగా బొటనవేలు బొమ్మ పెట్టాడు. (డైవింగ్‌లో బొటనవేలు పైకి చూపిస్తే ‘ఇక చాలు, పైకి పోదాం’ అని అర్థం. పాపం అతనికి తెలిసి ఉండదు.) కార్డు లేనివాళ్ళకి చేయించే ట్రై డైవ్‌కి ఒక లెక్క ఉంది: ఇన్‌స్ట్రక్టరు పక్కనే ఉండాలి, 12 మీటర్లు దాటకూడదు. వాళ్ళని చీకట్లో రాళ్ళ ఒడ్డు నుంచి దించే షాపు ఏదైనా సరే, అది మంచి షాపు కాదు.

మాకు దొరికిందేమిటంటే, ఆరుగురికి ఒక్క గైడు. మనిషికో టార్చి, అందులో నాది అప్పటికే పసుపు పచ్చగా వెలుగుతోంది. పద్ధతి ప్రకారం ప్రతివాళ్ళ దగ్గరా రెండో టార్చి ఉండాలి, సిలిండరుకి చిన్న మెరుపు దీపం కట్టాలి. అవేవీ లేవు. మావాడికి పాదమంతా దూర్చేసే రకం ఫిన్స్ ఇచ్చారు, వాటిలో బూట్లు పట్టవు, అంటే ఆ రాళ్ళ మీద వట్టికాళ్ళతో నడవాలి. అతని గేజు (సిలిండరులో గాలి ఒత్తిడి చూపే మీటరు) 150 బార్ చూపిస్తోంది. నిండు సిలిండరు 200 దాకా ఉంటుంది కదా అంటే గైడు నవ్వి ఊరుకున్నాడు. టార్చితో చెప్పుకునే సైగలున్నాయి: గుండ్రంగా తిప్పితే బాగానే ఉన్నానని, అటూ ఇటూ గబగబా ఊపితే ఏదో ఇబ్బంది వచ్చిందని. వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. “ఫాలో మీ” అన్నాడు, అంతే.

“బావా, నేను దిగను” అన్నాడు మావాడు. వాడికి నచ్చజెప్పడానికి నేనేమీ ప్రయత్నించలేదు.

మిగిలినవాళ్ళం నడుముల్లోతు దాకా వెళ్ళాం. అక్కడ అల కొట్టి మాలో ఒకతను పడ్డాడు. మాస్కు కొట్టుకుపోయింది, మోకాలు చీరుకుపోయింది. గైడు అప్పటికే ఇద్దరిని తీసుకుని నీళ్ళ కిందికి దిగిపోయాడు. ఒడ్డున కాపలా ఉండాల్సిన మనిషి లేడు, మావాడూ సిలిండర్లు మోసే ఒకావిడా వచ్చి లాగారు. నేను అక్కడితో వెనక్కి వచ్చేశాను. ఒడ్డు వెంట రెస్టారెంటు దీపాలు అన్నీ ఒకేలా వెలుగుతున్నాయి. అలాంటి చోట తేలేదారి తెలియాలంటే రెండు వేరే దీపాలు పెడతారు, కిందొకటి, దాని వెనక ఎత్తులో ఇంకొకటి. రెండూ ఒకే గీతలో కనబడితే దారి అదే. మాకు ఒక్కటీ పెట్టలేదు.

ఇంతకన్నా భయంకరమైనది ప్యాకేజీ కాగితంలోనే ఉంది, ఎవరూ పట్టించుకోరు. మధ్యాహ్నం ఒక డైవ్, రాత్రి ఇంకొకటి, అదే రాత్రి రెండు గంటలకి బతూర్ అగ్నిపర్వతం మీద సూర్యోదయం ట్రెక్కు! డైవ్ చేశాక ఒంట్లో పోగైన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకి వెళితే బుడగలు కట్టి కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. విమానం ఎక్కడానికి ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగమని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్తుంది. 1717 మీటర్ల కొండకీ అదే జాగ్రత్త కావాలి. ట్రెక్కు మానేసినా, తులంబెన్ నుంచి ఉబుద్‌కి కింతామణి కొండల మీదుగా తిప్పితే ఆ రోడ్డే 1400 మీటర్లు దాటుతుంది. డ్రైవరుకి తీరం రోడ్డు పట్టమని చెప్పండి.

అయినా వెళ్ళాలనుకుంటే, ఏజెంటు ద్వారా కాకుండా తులంబెన్‌లోని షాపుతో నేరుగా మాట్లాడుకోండి. ఇన్‌స్ట్రక్టరు నంబరు అడిగి పాడి (PADI, డైవింగ్ నేర్పి కార్డులిచ్చే సంస్థ) వెబ్‌సైట్‌లో చూడండి. గైడుకి ఎంతమంది, రెండో టార్చి ఇస్తారా, గట్టి అడుగున్న బూట్లు నా సైజులో ఉన్నాయా, ఒడ్డున ఎవరుంటారు, ఎన్ని బార్ దగ్గర వెనక్కి తిరుగుతాం అని రాతలో అడగండి. నేనైతే 100 దగ్గర తిరిగి, 50 మిగిలి ఉండగా ఒడ్డెక్కించే షాపుకే వెళ్తాను. చీకట్లో గుబులుకే గాలి ఎక్కువ పీలుస్తాం. ట్రావెల్ ఇన్సూరెన్సులో స్కూబా ఉందో లేదో కూడా చూసుకోండి, చాలా పాలసీల్లో ఉండదు.

డబ్బు సంగతి. ‘కస్టమర్ స్వయంగా మానుకున్నారు కాబట్టి రీఫండు లేదు’ అంటున్నాడు ఏజెంటు. తర్వాత గోవా ట్రిప్పుకి వాడుకోమని కూపను పంపాడు, తీసుకోలేదు. క్రెడిట్ కార్డుతో కట్టిన భాగానికి బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ) పెట్టాను. యూపీఐలో పంపిన అడ్వాన్సుకి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. బిల్లు అడిగితే ఇప్పటిదాకా ఇవ్వలేదు, కాబట్టి నా దగ్గరున్న సాక్ష్యమల్లా ఆ వాట్సాప్ మెసేజీలూ, బొటనవేలు బొమ్మా.