ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు: మా పాత 800 హెడ్ గాస్కెట్ పని

మా నాన్న కొన్న 2004 మారుతి 800 ఇంకా ఇంట్లోనే ఉంది. అమ్మితే వచ్చే డబ్బులకి ఒక మాదిరి ఫోన్ కూడా రాదు, అందుకే అమ్మలేదు. మొన్న మేలో విజయవాడ నుంచి బందరు వెళ్తుంటే ఉయ్యూరు దాటగానే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత ఎక్కేసింది. ఇంటి దగ్గర గ్యారేజీలో (పేరెందుకులెండి) చూసీ చూడగానే రేడియేటర్ అన్నారు, మార్చారు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా ఆపే వాల్వు) కూడా పీకేసి 5,200 తీసుకున్నారు. పది రోజులకి మళ్లీ అదే వరస. రోజూ పొద్దున అర లీటరు నీళ్లు పోయాలి, కింద చూస్తే ఒక్క చుక్క కారదు. మరి ఆ నీళ్లు ఎటు పోతున్నట్టు?

అప్పుడు మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి పంపాడు. బోర్డు లేదు, కుర్చీ లేదు, మేస్త్రి గారు ఫోన్ ఎత్తరు. కానీ ఆయన చెక్ చేసిన పద్ధతి కోసమే ఇది రాస్తున్నా.

ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటిది కనిపించి, నీళ్లు ఆయిల్లో కలిశాయేమోనని నేను అప్పటికే టెన్షన్ పడిపోయి ఉన్నా. ఆయన డిప్‌స్టిక్ తీసి తుడిచి చూపించి, "దగ్గర దగ్గర తిరిగే బళ్లకి మూత కింద ఇలా పడుతుందండీ, దీన్ని బట్టి ఏమీ అనుకోకండి, కింద ఆయిల్ బానే ఉంది" అన్నారు. ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు, ఆగితేగా! సిలిండర్లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోందన్నమాట. తర్వాత ప్లగ్గులు విప్పారు. రెండు మామూలుగా మసి పట్టి ఉన్నాయి, మూడోది కడిగిపెట్టినట్టు తెల్లగా ఉంది. ఆ సిలిండర్లోకే నీళ్లు దూరి ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతున్నాయన్నమాట. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే ఒకటో సిలిండర్ 165 psi, రెండు 95, మూడు 90. పిస్టన్ రింగులు అరిగాయేమోనని కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూశారు (అరిగితే అంకె పెరగాలి), అంకె కదల్లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి పడిపోయాయంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా వేసే పల్చటి రేకు) కాలిపోయి ఉంటుందని అప్పుడు చెప్పారు, అదీ హెడ్ విప్పకముందే. విప్పాక చూస్తే సరిగ్గా అక్కడే నల్లగా కాలి తెగి ఉంది.

అల్యూమినియం హెడ్ కదా, వేడికి వంగింది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే మధ్యలో 0.15 మి.మీ. గేజ్ దూరింది. కొత్త గాస్కెట్ వేసి బిగించేస్తే నెల తిరక్కుండా మళ్లీ పోయేదట. పక్క సందులో లేత్ షాపులో ఫేసింగ్ (హెడ్ అడుగు చదునుగా చెక్కడం) చేయించి, పగుళ్లున్నాయేమో ప్రెషర్ టెస్ట్ కూడా పెట్టించారు. బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే స్పానర్) మధ్యలోంచి బయటికి, మూడు విడతలుగా బిగించారు. పైపు తగిలించి గట్టిగా లాగే బాపతు కాదు. థర్మోస్టాట్ తిరిగి పెట్టించారు, అది లేకుండా నడపడం ఏం పని అని నన్నే తిట్టారు. టైమింగ్ బెల్ట్ ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తది వేశారు. ఆయిల్, కూలెంట్‌తో సహా మొత్తం 8,900, అందులో ఆయన కూలి 3,500.

బాగోలేనివీ ఉన్నాయి. రెండు రోజులన్నది ఆరు రోజులైంది, లేత్ దగ్గరే మూడు రోజులు పోయాయి. బిల్లు ఇవ్వరు, సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిచ్చిన లెక్కే బిల్లు. ఆడవాళ్లు వస్తే నిలబడటానికి నీడ కూడా లేదు.

వెయ్యి కిలోమీటర్లయ్యాక టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) చూస్తా రమ్మంటే వెళ్లాను. భోజనానికి వెళ్లిన మనిషి రెండు గంటలకి వచ్చారు, పావుగంటలో సరిచేశారు, డబ్బులు తీసుకోలేదు. రేడియేటర్లో నీళ్లు పోసి ఇప్పటికి నాలుగు నెలలైంది.