బ్లూటూత్ హెల్మెట్ రెండేళ్లు వాడాక: ఫోన్ కోసమైతే వద్దు, వెనకాల వచ్చే మనిషి కోసమైతే కొనండి

బ్లూటూత్ హెల్మెట్ కొందామనుకుంటున్నాం, మీది ఎలా ఉంది అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే. రోజూ ఒక్కరే వెళ్తారా, లేకపోతే ఇంకో బండి మీద మీ మనిషి ఎవరైనా కలిసి వస్తారా? ఒక్కరే అయితే ఆ డబ్బులు పెట్టి మంచి మామూలు హెల్మెట్ కొనుక్కోమంటాను. కలిసి వెళ్లే మనిషి ఉంటే మాత్రం ఆలోచించకుండా కొనమంటాను. ఎందుకంటే రెండు వేసవులు, రెండు వానాకాలాలు వాడాక దీంట్లో నాకు గొప్పగా అనిపించింది ఇంటర్‌కామ్ ఒక్కటే, అంటే ఫోన్ కాల్ లేకుండా ఒక హెల్మెట్ నుంచి ఇంకో హెల్మెట్‌కి నేరుగా మాట్లాడుకోవడం. అదంటే ఎంత ఇష్టమో, అదే హెల్మెట్‌లో వచ్చే ఫోన్ కాల్స్ అంటే అంత చిరాకు. పాటలు ఎలా వినిపిస్తాయి, బ్లూటూత్ ఏ వెర్షన్ లాంటివన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను.

నేనూ మా వదినా పటమట నుంచి మంగళగిరి వెళ్తాం. బెంజ్ సర్కిల్, కనకదుర్గ వారధి, తాడేపల్లి, అక్కణ్ణించి హైవే. నాది ఆఫీసు పని, వదిన చేనేత చీరల షాపులో లెక్కలు చూస్తుంది. తిరిగొచ్చే టైములు కొన్ని రోజులు కలవవు, అందుకని చెరో స్కూటీ. నాది స్పీకర్లు, మైకు లోపలే బిగించి వచ్చిన హెల్మెట్, వదినది మామూలు ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కి పక్కన క్లిప్పుతో తగిలించే యూనిట్. రెండూ ఒకే కంపెనీవి తీసుకున్నాం. వేరే వేరే కంపెనీలవి కూడా కలుస్తాయంటారు గానీ ఆ పెయిరింగ్ పెద్ద తంటా, ఒకసారి కలిసింది రెండోసారి కలవదు.

బండి నడిపే ఆడవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. మన రోడ్ల మీద ముక్కూమొహం తెలియని వాళ్లు పక్కనుంచి వెళ్తూ "అమ్మా, చున్నీ!" అని అరుస్తారు, "స్టాండ్, స్టాండ్!" అని చెయ్యి ఊపి చూపిస్తారు. ఎవరో ఏమిటో, ఒక్క కేకతో ప్రాణం కాపాడి వెళ్లిపోతారు. కానీ ఫుల్‌ఫేస్ హెల్మెట్ పెట్టుకుని, వైజర్ దించుకుని హైవే మీద వెళ్తుంటే ఆ కేక మన చెవిదాకా రాదు. హెల్మెట్ తల కాపాడుతుంది, కాదనను, హెల్మెట్ తప్పనిసరి అనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 లేకపోయినా పెట్టుకోవాల్సిందే. కానీ ఆ కేక పోవడం నిజంగా ఒక లోటు, దాన్ని పూడ్చింది ఈ ఇంటర్‌కామే.

క్రితం ఏడాది వానాకాలంలో సాయంత్రం ఇద్దరం కలిసే బయల్దేరాం. వాన వెలిసింది గానీ రోడ్డు తడిగానే ఉంది. చున్నీని వెనక్కి తిప్పి నడుముకి ముడేశాను, ఎప్పుడూ అలాగే వేస్తాను, ఆ రోజు తడికి ముడి జారినట్టుంది. కొలనుకొండ దాటుతున్నాం. కుడి పక్కన కంటైనర్ లారీలు వరసగా వెళ్తున్నాయి. వదిన నా వెనక కాస్త ఎడంగా వస్తూ షాపులో ఎవరో పెళ్లివాళ్లు చీరలన్నీ విప్పించి ఒక్కటీ కొనకుండా వెళ్లిన సంగతి చెప్తోంది. చెప్తూ చెప్తూ మాట మధ్యలో ఆపేసి, "చున్నీ, చున్నీ! బ్రేక్ వెయ్యకు, ముందు యాక్సిలేటర్ వదిలెయ్" అంది. గొంతు పెంచలేదు. నాకేం అర్థం కాలేదు, "ఏంటొదినా?" అన్నాను. "చెప్పింది చెయ్యి, వదిలెయ్, మెల్లగా ఎడమకి రా, నీ వెనక నేనున్నాను, బస్సు దూరంగా ఉంది, రా, ఇంకా రా, ఇప్పుడు ఆపు" అని ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ నన్ను రోడ్డు అంచుకి తీసుకొచ్చింది. తను నాకూ వెనక బండ్లకీ మధ్య ఇండికేటర్ వేసుకుని అడ్డంగా వచ్చింది. దిగి చూస్తే చున్నీ కొస వెనక చక్రంలోకి వెళ్లి ఒక చుట్టు చుట్టుకుంది. రెండో కొస నా మెడ దగ్గరే ఉంది. వదిన చక్రాన్ని వెనక్కి తిప్పుతూ మెల్లగా బయటికి లాగింది, సగం చిరిగింది, అంతా గ్రీజు.

నేను ఈ సంగతి చాలాసార్లు ఆలోచించాను. హారన్ కొట్టి ఉంటే? హైవే మీద హారన్‌కి ఎవరు వెనక్కి చూస్తారు. పక్కకొచ్చి అరిచి ఉంటే? ఉలిక్కిపడి బ్రేక్ నొక్కేదాన్ని, తడి రోడ్డు, పక్కన లారీలు. అప్పుడు నాకు కావలసింది "చున్నీ" అన్న ఒక్క మాట కాదు, ఆ తర్వాత ఏం చెయ్యాలో, వెనక ఏముందో చెప్పే మనిషి. ఈ హెల్మెట్‌కి పెట్టిన డబ్బు గురించి ఆ రోజు తర్వాత నేను మళ్లీ లెక్క వేసుకోలేదు.

ఇక ఫోన్ సంగతి. మా యూనిట్లలో కాల్ వస్తే ఇంటర్‌కామ్ ఆగిపోతుంది. కాల్ అయ్యాక బటన్ నొక్కి మళ్లీ కలుపుకోవాలి. దీనికితోడు చెయ్యి పెట్టకుండానే కాల్ ఎత్తే సౌకర్యం ఒకటి ఇచ్చారు, గట్టిగా ఒక మాట అంటే చాలు, ఎత్తుతుంది. వినడానికి బాగుంది కదా. బెంజ్ సర్కిల్‌లో వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడితే దాన్ని కూడా మాటే అనుకుని ఎత్తేస్తుంది! అవతల లోను కావాలా మేడమ్ అని ఎవరో మొదలుపెడతారు, ఇవతల వదిన గొంతు ఉండదు, పక్కనుంచి ఆటో దూరుతుంటుంది. ఈ సౌకర్యం సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు, కొన్న రోజే ఆపేయండి, అది ఎక్కడుందో దొరకకపోతే కొన్న షాపులోనే అడిగి ఆపించుకుని బయటికి రండి. కొలనుకొండ దగ్గర ఆ నిమిషంలో నాకు కాల్ వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అప్పట్నించీ మేం పెట్టుకున్న కట్టుబాటు, బండి మీద ఉన్నంతసేపు ఫోన్ సైలెంట్. అమ్మ చేసినా సరే, ఆగాక మాట్లాడతాం. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ప్రమాదం లేదు అని అమ్మేవాళ్లు చెప్తారు. చేతులు ఖాళీయే, మనసు ఖాళీగా ఉండదుగా. ఇంట్లో కూర్చుని కాల్ చేసినవాళ్లకి మన ముందు లారీ కనబడదు, ఆపకుండా మాట్లాడుతూనే ఉంటారు, మనమూ వాళ్ల మాట తెగ్గొట్టలేక ఊఁ కొడుతూనే ఉంటాం. వదిన అలా కాదు, తనూ అదే రోడ్డు మీద ఉంది. వారధి మీద ట్రాఫిక్ కుదించుకుపోగానే ఇద్దరం మాట ఆపేస్తాం, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. కాస్త ఖాళీ దొరికాక మళ్లీ ఆపిన చోటు నుంచి అందుకుంటుంది. ఒకే మైకు, ఒకే స్పీకరు, కానీ ఈ రెండు మాటలూ ఒకటి కావు. బండి మీద ఫోన్ మాట్లాడటంలో, ఇంటర్‌కామ్ మాట్లాడటంలో తేడా ఏంటని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే.

రేంజ్ గురించి. పెట్టె మీద కిలోమీటరు పైనే అని ఉంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, మధ్యలో అడ్డం ఏమీ లేదు, లారీలు రావు, అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఒక ఆదివారం పొద్దున్నే వదినని విజయవాడ వైపు ఉంచి నేను సీతానగరం వైపు మాట్లాడుతూ వెళ్లాను. సగం దాకా పక్కనే ఉన్నంత శుభ్రంగా వినిపించింది, తర్వాత గరగర మొదలైంది, అవతలి గట్టు చేరకముందే తెగిపోయింది. అది ఖాళీ బ్యారేజీ మీద. ఊళ్లో మధ్యలో రెండు లారీలు దూరితే చాలు, అంత దూరం కూడా ఉండదు. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే ఇవీ, ఇనుము, కాంక్రీటు అడ్డమొస్తే దాటలేవు. బెంజ్ సర్కిల్‌లో ఒకరు ఫ్లైఓవర్ ఎక్కి ఒకరు కింద ఉండిపోతే మాట తెగిపోతుంది. మాకు మాత్రం ఇది ఇబ్బంది కాలేదు, ఎందుకంటే మేమెప్పుడూ ఒకరికొకరు కనబడేంత దూరంలోనే వెళ్తాం. అయిదారుగురు బైకుల మీద దూరాలు వెళ్లేవాళ్లయితే మామూలు బ్లూటూత్ తీసుకోకండి. అందులో బండ్లు గొలుసుకట్టుగా కలుస్తాయి, మధ్యలో ఒకరు వెనకబడితే ఆ తర్వాతవాళ్లంతా తెగిపోతారు. కార్డో, సెనా లాంటి కంపెనీల మెష్ యూనిట్లలో ఆ బాధ లేదు, ఒక దారి మూసుకుపోతే ఇంకో బండి మీదుగా కలుపుకుంటాయి. ధర మాత్రం మా ఇద్దరి హెల్మెట్లు కలిపినా అందదు.

ఆడవాళ్ల కోసం రెండు మాటలు, ఇవి ఏ రివ్యూలోనూ నాకు కనబడలేదు. బుట్టకమ్మలు పెట్టుకుంటే కుదరదు. స్పీకరు చెవి మీదే ఉంటుంది, పది నిమిషాలకే కమ్మ గుచ్చుకుని చెవి ఎర్రబడుతుంది. చిన్న దిద్దులు పర్వాలేదు. బుట్టకమ్మలు నేను దిగాక బ్యాగులోంచి తీసి పెట్టుకుంటాను. జుట్టుని క్లిప్పు పెట్టి పైకి ముడేసుకుంటే హెల్మెట్ పైకి లేచి స్పీకరు చెవి దగ్గర్నుంచి జరుగుతుంది, అప్పుడు ఎంత సౌండ్ పెంచినా వినబడదు, లోపం హెల్మెట్‌ది అనుకుంటాం. జడ కిందకి వేసుకుంటే చాలు. ఇంకోటి, స్కూటీల మీద ఎక్కువమంది వాడే ముందు తెరిచి ఉండే హెల్మెట్‌తో మైకు పెద్దగా పని చెయ్యదు. వదిన మొదట అలాంటిదానికే తగిలించింది, వారధి ఎక్కగానే కృష్ణ మీద గాలికి తన మాట బదులు హోరు వినిపించేది. ఫుల్‌ఫేస్‌కి మార్చాక ఆ హోరు చాలా తగ్గింది. మైకుకి స్పాంజి తొడుగు ఉంటుంది, అది పోతే కూడా ఇదే గోల, పారేసుకోకండి. స్పీకర్ల కోసం లోపలి థర్మోకోల్ మాత్రం కొయ్యనివ్వకండి, పడితే తల బదులు దెబ్బ తినేది అదే, అది కోశాక బయట ఐఎస్ఐ గుర్తు ఉండి లాభం లేదు.

నా హెల్మెట్ లోపలే అన్నీ అమర్చి ఉండటం మొదట్లో నాకు బాగా నచ్చింది. తీగలు కనబడవు, ఎవరూ పీక్కుపోలేరు, వానకి తడిసినా ఏమీ కాలేదు. ఇవన్నీ ఇప్పటికీ నిజమే. కానీ బ్యాటరీ కూడా లోపలే ఉంది. మన ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు. ఆఫీసులో హెల్మెట్ పెట్టుకునే చోటు లేక బండికే తగిలించి ఎండలో ఉంచాల్సి వచ్చేది. లిథియం బ్యాటరీలకి వేడి పడదు. రెండో వేసవి అయ్యేసరికి మొదట్లో వారం వచ్చే ఛార్జింగ్ మూడు రోజులకి దిగిపోయింది. కంపెనీ సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే బ్యాటరీ ఒక్కటే మార్చరట, కొత్త హెల్మెట్ కొనుక్కోమన్నారు. చెక్కుచెదరని హెల్మెట్‌ని బ్యాటరీ కోసం పారెయ్యడమేంటి? దీన్ని తిరగేసి కూడా చూడండి. ఒక్కసారి గట్టిగా కింద పడితే ఏ హెల్మెట్ అయినా మార్చాల్సిందే, అప్పుడు దానితోపాటు బాగున్న యూనిట్ కూడా పోతుంది. వదిన యూనిట్‌ని రోజూ తీసి బ్యాగులో వేసుకుంటుంది, ఎండ తగల్లేదు, ఇప్పటికీ ముందులాగే వస్తోంది. పైగా హెల్మెట్ ఒకసారి మార్చింది, యూనిట్ అదే.

మా తమ్ముడు పొద్దున్నే కరకట్ట మీద సైకిల్ తొక్కుతాడు, వాడూ వాడి స్నేహితుడూ సైకిల్ హెల్మెట్లలో ఇలాంటివే వాడుతున్నారు. ఆ స్పీడుకి గాలి హోరు తక్కువ, కాబట్టి మా వాటికన్నా శుభ్రంగా వినిపిస్తాయట. సైకిల్ హెల్మెట్ చెవుల్ని కప్పదు, స్పీకర్లు కూడా చెవికి కాస్త పైన ఉంటాయి కాబట్టి వెనక వచ్చే బండి శబ్దం తెలుస్తుంది. అక్కడ సౌండ్ ఎంత తక్కువ పెట్టుకుంటే అంత మేలు. వాడి అనుభవం వాడిది, నేను తొక్కి చూడలేదు.

బుల్లెట్ల మీద హైవేల్లో గట్టిగా వెళ్లేవాళ్లకి నా మాట పూర్తిగా సరిపోకపోవచ్చు. మేం అరవై దాటం. ఎనభై, వంద మీద వెళ్తే హెల్మెట్‌లో గాలి రొదే 90 డెసిబెల్స్ దాటుతుంది, దానిమీద స్పీకర్ పెంచుకుంటూ పోతే చెవులకే నష్టం. అలాంటివాళ్లు మెత్తటి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని దానిమీద ఇంటర్‌కామ్ వింటారు, రొద తగ్గి మాట తేటగా వస్తుందని చెప్తారు.

వదిన వాళ్ల షాపువాళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఇంకోటి తెరుస్తున్నారు, తనని అక్కడికి పంపిస్తారేమోనన్న మాట నడుస్తోంది. అదే జరిగితే మంగళగిరి దాకా కలిసి వెళ్తాం, అక్కణ్ణించి తను ఒక్కతే. అప్పుడు కూడా నా బ్యాటరీ పూర్తిగా పోయాక కొత్తది కొంటాను గానీ ఈసారి క్లిప్పుతో తగిలించేదే కొంటాను, వదినది ఏ కంపెనీయో అదే.