బటన్‌కొక లిజనరా, టేబుల్‌కి ఒక్కటా: ఏది మేలు?

వాకాడు దగ్గర మా మేనమామకి రొయ్యల గుంటలున్నాయి. మేత లెక్క ఫోన్‌లోనే చూసుకునేట్టు ఆయనకో చిన్న వెబ్ పేజీ రాసిచ్చాను. గుంటకొక వరస, వరస చివర 'మేత వేశాం' అని బటన్, పక్కనే తీసేసే బటన్. వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది: "అల్లుడా, కొత్త గుంట ఎక్కించా. దాని బటన్ ఎంత నొక్కినా పలకడంలా."

పేజీ తెరుచుకోగానే కనపడిన బటన్లన్నిటికీ లూప్ తిప్పి, ఒక్కోదానికి యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో ఒక లిజనర్, అంటే నొక్కగానే నడిచే ఫంక్షన్, తగిలించాను. ఆ తర్వాత పుట్టిన వరసకి ఆ లూప్ అందలేదు. తొందరపడి, వరస చేరినప్పుడల్లా లూప్‌ని మళ్లీ తిప్పాను. అది ఇంకా పెద్ద తప్పు. పాత బటన్లకి రెండో లిజనర్ తగిలి, ఒక్కసారి నొక్కితే 20 కిలోల మేత 40గా ఎక్కింది. ఒకే ఫంక్షన్‌ని మళ్లీ తగిలిస్తే బ్రౌజర్ పట్టించుకోదు గానీ, లూప్ లోపల ప్రతిసారీ కొత్తగా పుట్టే ఫంక్షన్ దానికి కొత్తదే. మేతే పెద్ద ఖర్చయిన సాగులో ఇలాంటి లెక్క ఒక్కరోజు కూడా ఉండకూడదు.

రెండో దారి ఈవెంట్ డెలిగేషన్, అంటే బటన్లన్నిటి క్లిక్‌లనీ వాటి పైనున్న ఒక్క చోట, ఒకే లిజనర్‌తో పట్టుకోవడం. క్లిక్ నొక్కిన చోటే ఆగిపోదు. బటన్ నుంచి గడికి, గడి నుంచి వరసకి, వరస నుంచి టీబాడీకి (వరసలన్నీ ఉండే టేబుల్ భాగానికి), గుంట నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్ దగ్గర లేచే బుడగల్లా పైకి వస్తుంది. అందుకే దాన్ని బబ్లింగ్ అంటారు. 2000లో బ్రౌజర్ల కోసం వచ్చిన డామ్ లెవెల్ 2 ఈవెంట్స్ ప్రమాణంలోనే ఇది రాసి ఉంది. టీబాడీ దగ్గర ఒకే లిజనర్ పెట్టి, వచ్చిన క్లిక్ ఏ బటన్‌దో ఈవెంట్.టార్గెట్‌లో చూసుకుంటే చాలు. రేపు పది గుంటలు చేరినా, ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో వరసలన్నీ తిరగరాసినా ఆ లిజనర్ చెక్కుచెదరదు.

మెమరీ ఆదా అవుతుందని చాలామంది ముందు చెప్తారు. ఇరవై ముప్పై బటన్లకి అది లెక్కలోకి రాదు. తర్వాత పుట్టే వరసలని కూడా పట్టుకోవడమే దీని అసలు బలం.

మెలిక ఒకటుంది. బటన్‌లో చిన్న బొమ్మ పెడితే, వేలు బొమ్మ మీద పడినప్పుడు టార్గెట్‌గా వచ్చేది బొమ్మే, బటన్ కాదు. టార్గెట్‌నే నేరుగా పోల్చి చూస్తే ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. క్లోజెస్ట్‌తో పైకి వెతికి బటన్‌ని పట్టుకోవాలి, ఏమీ దొరక్కపోతే అక్కడే ఫంక్షన్‌లోంచి బయటికి రావాలి. గుంట నంబరు వరసకి డేటా ఆట్రిబ్యూట్‌గా రాసి పెట్టుకుంటే ఏ గుంటకి మేత పడిందో వెంటనే తెలుస్తుంది. మధ్యలో ఎవరైనా స్టాప్‌ప్రొపగేషన్ పిలిస్తే మాత్రం క్లిక్ పైదాకా రాదు. పక్కవాళ్లు రాసిన పాపప్ కోడ్ వాడేటప్పుడు ముందు దీన్నే వెతకండి.

అలాగని అన్నిటికీ డెలిగేషన్ వద్దు. పేజీ మొత్తానికి ఒక్కటే ఉండే బటన్‌కి నేరుగా తగిలించడమే మేలు. చదివేవాళ్లకి ఏది నొక్కితే ఏం జరుగుతుందో ఒక్క లైన్‌లో కనపడుతుంది. ఫోకస్ (గడిలోకి రావడం), బ్లర్ (గడిలోంచి బయటికి పోవడం), మౌస్‌ఎంటర్ (మౌస్ పైకి రావడం) అసలు బబుల్ అవవు. గడిలోంచి బయటికి రాగానే అంకె సరిచూడాలంటే బ్లర్‌ని ఆ గడికే తగిలించాలి, లేదా బబుల్ అయ్యే ఫోకస్‌అవుట్‌ని పైన పట్టుకోవాలి.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాసేవాళ్లకి ఈ తర్జనభర్జన పెద్దగా ఉండదు, డెలిగేషన్ లోపల అదే చేసుకుంటుంది. 2020లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి లిజనర్లని పేజీ మొత్తమైన డాక్యుమెంట్‌కి బదులు, యాప్ ఉండే రూట్ కంటైనర్‌కి తగిలిస్తోంది.

మామ పేజీలో ఇప్పుడు టీబాడీకి రెండే లిజనర్లు: బటన్లకి క్లిక్, కిలోల గడులకి ఫోకస్‌అవుట్. 'కొత్త గుంట' బటన్‌కి మాత్రం దాని లిజనర్ దానికే ఉంది.