మామత్‌లు, కత్తికోరల పులుల డాక్యుమెంటరీలు: కథ చెప్పేవి మేలా, ఎముక చూపేవి మేలా?

మహారాష్ట్రలోని మా సిరోంచ వైపు పిల్లలకు డైనోసార్ అంటే కొత్త కాదు. తాలూకాలోనే వడధం శిలాజాల పార్కు ఉంది. డైనోసార్లు పోయాక పెరిగిన పెద్ద పెద్ద క్షీరదాల సంగతికి వస్తే మాత్రం టీవీయే దిక్కు. బళ్లో మరాఠీ, ఇంట్లో తెలుగు, టీవీలో హిందీయో ఇంగ్లిషో. మాట సగమే అర్థమైనా బొమ్మను మాత్రం పూర్తిగా నమ్మేస్తారు. కాబట్టి ఏది పెట్టి చూపించాలో పెద్దవాళ్లు కాస్త ఆలోచించుకోవాలి. ఈ డాక్యుమెంటరీలు రెండు రకాలు: జంతువులను గ్రాఫిక్స్‌తో బతికించి కథ చెప్పేవి, దొరికిన ఎముకల్నీ ఆధారాల్నీ చూపేవి.

కథ చెప్పే రకంలో ఇప్పటికీ ముందు చెప్పుకోవాల్సింది బీబీసీ 2001లో తీసిన 'వాకింగ్ విత్ బీస్ట్స్'. 6 భాగాలు, ఒక్కోటి అరగంట. 4.9 కోట్ల ఏళ్ల కిందటి అడవిలో పొదలమాటున బిక్కుబిక్కుమంటూ బతికే చిన్న ప్రాణులతో మొదలై, 30 వేల ఏళ్ల కిందటి మామత్‌ల (ఒళ్లంతా జుట్టున్న పాతకాలపు ఏనుగుల) దాకా వస్తుంది. క్షీరదాలు ఒక్కసారిగా పెద్దవి కాలేదనీ, మధ్యలో కోట్ల ఏళ్లు గడిచాయనీ పిల్లాడికి పాఠం చెప్పకుండానే తలకెక్కిస్తుంది. ఈ పని ఇంత బాగా చేసింది నేను ఇంకోటి చూడలేదు.

చిక్కంతా బొమ్మను పూర్తిగా నమ్మేయడంలోనే ఉంది. ఆండ్రూసార్కస్ అనే పాతకాలపు క్షీరదాన్నే తీసుకోండి. 1923లో చైనాలోని ఇన్నర్ మంగోలియాలో దొరికింది ఒక్క పుర్రె. పొడవు 83 సెంటీమీటర్లు, కింది దవడ కూడా లేదు. కాళ్లు, తోక, నడుము, ఏవీ దొరకలేదు. తెర మీద మాత్రం అది నిండు ఒళ్లుతో సముద్రపు ఒడ్డున తిరుగుతుంది. దాని చుట్టరికం కూడా ఆ తర్వాత మారింది. పంది లాంటి ఎంటెలోడాంట్లకూ, నీటిగుర్రాలూ తిమింగలాల వంశానికీ దగ్గరని ఇప్పుడు లెక్క వేస్తున్నారు. 2001లో తీసినవాళ్లను ఇందుకు తప్పుపట్టలేం. కానీ 'ఇంత వరకు దొరికింది, మిగతాది మా ఊహ' అని ఒక్క ముక్క కథలోనే చెప్పి ఉండొచ్చు.

స్మైలోడాన్ (కత్తికోరల పులి) భాగం ఇంకా గమ్మత్తు. మగది పెత్తనం పోగొట్టుకోవడం, కొత్తగా వచ్చినవాళ్లు పాత పిల్లల్ని చంపడం, ఇదంతా ఆఫ్రికా సింహాల సంసారం. కోరలు మార్చి పెట్టారంతే. ఆ జంతువు గుంపుగా బతికిందా, ఒంటరిగానా అన్నది నేటికీ వాదనే. అది చూస్తున్నప్పుడే మా మేనల్లుడు అడిగాడు: "మామా, దాని తోలు రంగు వీళ్లకెట్ల తెల్సు?" ఈ రకం డాక్యుమెంటరీలో ఆ ప్రశ్నకు చోటు లేదు. అదే బృందం ఆధారాల మీద విడిగా 'ట్రయంఫ్ ఆఫ్ ద బీస్ట్స్' తీసింది గానీ, అసలుది చూసినవాళ్లలో ఎంతమంది దాని దాకా వెళ్తారు?

ఎముక చూపే రకానికి నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల 'వేకింగ్ ద బేబీ మామత్' (2009) మంచి నమూనా. సైబీరియాలోని యమాల్‌లో 2007లో గడ్డకట్టిన పిల్ల మామత్ దొరికింది, పేరు ల్యూబా. వయసు నెల రోజులు. సీటీ స్కాన్ తీస్తే తొండం లోపల, నోట్లో బురద కూరుకుపోయి కనిపించింది, అంటే ఊపిరాడక చనిపోయింది. పొట్టలో తల్లిపాలు, వాటితోపాటు పెద్ద మామత్‌ల పేడ. నేటి ఏనుగు పిల్లలు కూడా అరుగుదలకు పనికొచ్చే సూక్ష్మజీవుల కోసం తల్లి పేడ తింటాయి. సుమారు 42 వేల ఏళ్ల కిందటి ఒక పసికూన కడుపులో ఏముందో మనకు తెలుస్తోందంటే, దాని ముందు ఏ గ్రాఫిక్స్ అయినా దిగదుడుపే.

అయితే మాటలెక్కువ, నడక నెమ్మది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే పావుగంటకే రిమోట్ లాక్కుంటారు. పైగా ఒక్క జంతువు గురించే. దాని ముందూ వెనకా ఏం జరిగిందో తెలియదు.

2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'లైఫ్ ఆన్ అవర్ ప్లానెట్' 8 భాగాలు కూడా చూశాను. బొమ్మ అద్భుతం. కానీ జీవుల చరిత్రనంతా రాజవంశాల యుద్ధంలా నడిపించారు. క్షీరదాలే కావాలనుకునేవాళ్లు దీని కోసం ప్రత్యేకంగా డబ్బు కట్టక్కర్లేదు.

చిన్నపిల్లలుంటే బీబీసీది పెట్టండి, పక్కన కూర్చుని 'ఇది ఊహ' అని మధ్యమధ్యలో చెప్పండి. పదేళ్లు దాటినవాళ్లకు, పెద్దలకు మాత్రం నా ఓటు ఎముకకే.

దానికి మా ఊరివైపు కారణం ఒకటుంది. ప్రాణహిత ఒడ్డున, సిరోంచకు దగ్గర్లోని కోట అనే ఊరి పేరు మీదే జురాసిక్ (డైనోసార్ల కాలపు) రాతి పొరలకు 'కోట ఫార్మేషన్' అని పేరొచ్చింది. ఆ పొరల్లో డైనోసార్లతోపాటు బుల్లి క్షీరదాల పళ్లు దొరికాయి. 1981లో లోకానికి తెలిసిన కోటాథీరియం అలాంటిదే. బంకమట్టిని నానబెట్టి, సన్నజల్లెడలో కడిగి, మిగిలిన రేణువులను మైక్రోస్కోప్ కింద పెట్టి ఏరితే గానీ ఆ పళ్లు కంటపడవు. ఒక్క పన్నుతో కథ రకం వాళ్లు ఏ వేట సీనూ తీయలేరు. ఎముక రకం వాళ్లకైతే ఆ జల్లెడ, ఆ పన్ను గాట్లు, దాన్ని బట్టి తిండి ఏమిటో కనిపెట్టడం, అరగంటకు సరిపడా సరుకు. తెలుగు వ్యాఖ్యానంతో ఎవరైనా తీస్తే సిరోంచలో ముందు చూసేది మా ఇంట్లోనే.