వాక్యం మధ్యలో ఆగిపోయిన పుస్తకం: కొనేవాళ్లు జాగ్రత్త

జాన్ గ్రీన్ నవల ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ ఆన్‌లైన్‌లో కొనబోతున్నారా? దొంగ ముద్రణలు తిరుగుతున్నాయి. నాకు అంటగట్టిన పుస్తకం సంగతి చెబుతాను.

క్యాన్సర్ పిల్లల సహాయ బృందంలో కలుసుకున్న హేజెల్, అగస్టస్‌ల ప్రేమకథ ఇది. హేజెల్‌కు ప్రాణమైన ఒక నవల వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత ఏమైందో ఆ రచయితనే అడుగుదామని ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళతారు. నా పుస్తకం కూడా 22వ అధ్యాయంలో, సరిగ్గా వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఎంత గడుసు రచయిత, కథలోని పుస్తకంలాగే కథనూ ఆపేశాడని మురిసిపోయాను. రెండు రోజులు కనిపించినవాళ్లందరికీ చెప్పాను కూడా.

మూడో రోజు స్నేహితురాలు అడిగింది: “చివర్లో ఆ ఉత్తరం చదివి ఏడ్చావా?”

“ఏ ఉత్తరం?”

అసలు నవలలో 25 అధ్యాయాలున్నాయి. నా దానిలో ఆఖరి ఫారాలు (కలిపి కుట్టే పేజీల కట్టలు) లేనే లేవు. వాటికి బదులా అన్నట్టు 97 నుంచి 112 దాకా 16 పేజీలు రెండుసార్లు ఉన్నాయి. చదువుతున్నప్పుడే అది కంటపడింది. అప్పుడైనా అనుమానం రావద్దూ!

నన్ను పడగొట్టిన ఎర ‘రచయిత సంతకం ఉన్న ప్రతి’ అన్న మాట. 2012లో వచ్చిన మొదటి ముద్రణ ప్రతులు 1,50,000కూ గ్రీన్ నిజంగానే సంతకం చేశాడు. అందుకే నమ్మాను. భూతద్దం పెట్టి చూస్తే నా ‘సంతకం’ నిండా అచ్చు చుక్కలు. కలం గీత అలా ఉండదు.

పార్సిల్ విప్పిన రోజే చివరి పేజీ తిప్పి చూడండి. పేజీల అంకెలు వరుసలో ఉన్నాయా, వెనక అట్ట మీది 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య), కాపీరైట్ పేజీలోనిది ఒకటేనా చూసుకోండి. జిరాక్స్ తీసినట్టు అక్షరాలు మసకగా ఉన్నా, అంచులు ఒక పక్కకు ఒరిగినా వెంటనే ఫోటోలు తీసి వెనక్కి పంపేయండి.

నేను పంపలేకపోయాను. ముగింపును మెచ్చుకుంటూ కూర్చునేసరికి వారం గడువు దాటిపోయింది. “చదివేసిన పుస్తకం తీసుకోం” అని అమ్మకందారు జవాబు. చదివేయడానికి మిగతా పుస్తకమేదయ్యా అని రాశాను. ఉలుకూ పలుకూ లేదు.

మిగిలిన అధ్యాయాలు లైబ్రరీలో కూర్చుని చదివాను. ఉత్తరం దగ్గర ఏడ్చాను కూడా.