తూకం చూపించని క్లినిక్: ఎనిమిది నెలల అనుభవం

సికింద్రాబాద్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో ఎనిమిది నెలలుగా బులీమియాకు, అంటే అదుపు లేకుండా తినేసి, తర్వాత కావాలని వాంతి చేసుకునే జబ్బుకు, చికిత్స తీసుకుంటున్నాను. మెచ్చుకోవలసిన వాటితో పాటు తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కనుక దాని పేరు రాయడం లేదు.

మా ఇంట్లో రెండేళ్లపాటు నా జబ్బును గ్యాస్ ట్రబుల్ అనే అనుకున్నారు. అంతకుముందు చూసిన డాక్టర్లు మాత్రలు రాశారే తప్ప, వాంతి దానంతట అదే వస్తోందా, నేనే చేసుకుంటున్నానా అని అడగలేదు. ఇక్కడి సైకియాట్రిస్టు మొదటి రోజే ఆ మాట అడిగి, వెంటనే రక్తపరీక్ష, ఈసీజీ చేయించారు. పదేపదే వాంతులైతే ఒంట్లో పొటాషియం పడిపోయి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందట. బరువు చూసేటప్పుడు అంకె కనబడకుండా నన్ను వెనక్కి తిప్పి నిలబెడతారు.

డైటీషియన్ ముందుగా మా ఇంట్లో ఏం వండుతారో అడిగి, ఇడ్లీ, పల్లీ చట్నీ, పప్పు, నెయ్యి, పెరుగన్నంతోనే పట్టిక రాసి ఇచ్చారు. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదన్నది ఒక్కటే గట్టి నియమం. పగలంతా మాడిన కడుపే రాత్రి అదుపు తప్పి తినిపిస్తుందని ఆవిడ వివరించారు. సైకాలజిస్టు అయితే ఒక వారం నన్ను దగ్గరలోని ఇరానీ హోటల్‌కు తీసుకువెళ్లి, ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి తినమన్నారు. విరిగి కప్పులో పడేలోగా నోట్లో పెట్టుకోవాలి కాబట్టి కేలరీల లెక్కలు వేసుకునే వ్యవధి దొరకలేదు.

కుటుంబంతో జరిపిన సెషన్‌లో మా అమ్మ, "పిల్ల తిన్నదో లేదో అడగకుండా ఎలా ఉంటానండీ?" అన్నది. "అడగకండమ్మా, పక్కన కూర్చుని మీరూ తినండి," అన్నారు డాక్టర్ గారు. అందరికీ వడ్డించాక చివరన తినే అలవాటున్న అమ్మకు అది నాకంటే కష్టమైంది.

ఇక ఫిర్యాదులు. వెయిటింగ్ హాలును పక్కనున్న స్లిమ్మింగ్ సెంటర్‌తో పంచుకోవడం నాకు అర్థం కాని విషయం. గోడమీద "పెళ్లిలోపు సన్నబడండి" అనే పోస్టరు, దాని కిందే బరువు చూసే మిషన్! రెండుసార్లు రాసి ఇచ్చాక మిషన్ తీశారు, పోస్టరు మాత్రం ఇంకా ఉంది. ఖర్చు మరొకటి: సెషన్‌కు 1,500 రూపాయలు. మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి చట్టం చెబుతున్నా, నా పాలసీ ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది కనుక మొత్తం చేతి డబ్బే. అంత పెట్టలేనివారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరు వినగానే ముఖం చిట్లించేవారి మాట పట్టించుకోనక్కరలేదు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా చేయవచ్చు.

శనివారం సాయంత్రాలు రద్దీ ఎక్కువ. ఉదయం పది గంటల అపాయింట్‌మెంట్ తీసుకుంటే, ఆ పోస్టరుకు వీపు పెట్టి కూర్చునేలా కిటికీ పక్కన రెండు కుర్చీలు దొరుకుతాయి.