ఉప్పూ నిప్పూ జంటల క్రిస్మస్ సినిమాలు: కొన్నేళ్ళు వరసగా చూశాక నా మాట

మొదటే చెప్పేస్తున్నా, ఈ సినిమాలు చెత్త అని తేల్చడానికి ఇది రాయట్లేదు. చెత్త అనుకుంటే డిసెంబరంతా కూర్చుని చూడను కదా. మాది నరసాపురం. 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ వచ్చినప్పుడు చెల్లి ఫోన్లో మొదలైన అలవాటు, తర్వాత టీవీకెక్కింది, ఇప్పుడు అమ్మ కూడా లేసు అల్లుకుంటూ మాతోపాటే చూస్తుంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. వచ్చినా రాకపోయినా ఒకటే, ఎవరు ఎవర్ని చేసుకుంటారో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తుంది, ఇంతవరకు తప్పింది లేదు.

ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం కథ. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి, చెవి దగ్గర్నుంచి ఫోను దిగదు, పండగంటే చిరాకు. మంచు కురిసే చిన్న ఊళ్ళో గళ్ళ చొక్కా అబ్బాయి, వడ్రంగమో, బేకరీయో, క్రిస్మస్ చెట్ల తోటో ఉంటుంది, భార్య పోయి ఒక చిన్న కూతురుంటే మరీ మంచిది. ఆమె అతని మీద కాఫీ ఒలకబోస్తుంది. ఆ ఊళ్ళో ఏదో ఒకటి మూతపడబోతుంటుంది. ఇద్దరూ పోట్లాడుకుంటూనే చెట్టుకి దీపాలు కడతారు, ముద్దు పెట్టుకోబోయేసరికి ఎవరో తలుపు కొడతారు, ముప్పావు సినిమా దగ్గర ఒక అపార్థం, చివర్లో ఆగిపోయిన ముద్దు. అంతే. అమెరికాలో హాల్‌మార్క్ ఛానెల్ 2009 నుంచి ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ పేరుతో ఏటా వీటిని వరసగా వేస్తోంది, అక్టోబరులోనే మొదలుపెట్టేస్తుంది. చాలావరకు కెనడాలో తీస్తారు, అదీ ఒక్కోసారి నడి ఎండాకాలంలో, నురగతోనూ కాగితప్పొడితోనూ మంచు చేసి. ఈ సంగతి తెలిశాక మాకు ఇంకో ఆట దొరికింది. హీరోయిన్ అంత మందం కోటేసుకుని మంచులో మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోందా లేదా, వెనకాల చెట్లకి పచ్చటి ఆకులున్నాయా, చూడండి. తెల్లారగట్ల మా గోదావరి గట్టు మీద నిలబడి మాట్లాడితే వచ్చేంత పొగ కూడా రాదు వాళ్ళ నోట్లోంచి.

ఇన్నేళ్ళు చూశాక నాకు తెలిసిన అసలు కిటుకు పండగే. ఒకరంటే ఒకరికి పడని ఇద్దర్ని ఒకే ఇంట్లో నాలుగు రోజులు కూర్చోబెట్టాలంటే కారణం కావాలి. మామూలు రోజుల్లో పడనివాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోతారు, ప్రేమ దాకా వచ్చే ప్రసక్తే లేదు. క్రిస్మస్ అయితే మంచు తుఫాను వస్తుంది, విమానం రద్దవుతుంది, హోటల్లో ఒక్క గదే మిగులుతుంది, పైగా 24వ తేదీ రాత్రికల్లా విషయం తేలిపోవాలి. గడువూ ఉంది, తాళమూ ఉంది. మనకి మంచు లేదు గానీ కనుమ ఉంది. కనుమ నాడు కాకులు కూడా కదలవంటారు కదా, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు ఆ రోజు బయల్దేరతామంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు (మేం క్రైస్తవులం, అయినా పక్కింటి మామ్మగారు మా చెల్లిని కూడా బస్సెక్కనివ్వరు). పొగమంచు దట్టంగా దిగిన రోజున సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆగిపోతే అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. చుట్టాలతో ఇల్లు నిండిపోయి, హాల్లో వరసగా చాపలేసుకుని పడుకున్నవాళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరుంటే అంతకన్నా కథేం కావాలి? మన సంక్రాంతి సినిమాలు ఈ కనుమ తాళాన్ని వాడుకోవడం నేను పెద్దగా చూడలేదు. కోడిపందాలు ఒక పాటలో చూపించేసి ఫైటుకి వెళ్ళిపోతారు.

ఇక నా గొడవ. వీళ్ళు ఉప్పూ నిప్పూ అని పోస్టరు చెబుతుంది, లోపల చూస్తే ఇద్దరూ ఒకటే సరుకు. చాలావాటిలో ఇద్దరిదీ ఒకటే భాష, ఒకటే చదువు, ఇద్దరికీ నాయనమ్మంటే ప్రాణం, ఇద్దరూ చిన్నపిల్లలతో ముద్దుగా మాట్లాడతారు, ఎవరికైనా అప్పుంటే ఊరంతా కలిసి ఒక్క రాత్రిలో తీర్చేస్తారు. మిగిలిన తేడా ఏంటయ్యా అంటే ఆమె మంచులో హైహీల్స్ వేసుకుంటుంది, అతను వేసుకోడు. పెళ్ళిళ్ళ పేరయ్యకి ఈ వివరాలిస్తే ‘దివ్యమైన సంబంధమండీ, ఆలస్యం దేనికి’ అంటాడు.

నిజానికి లోకం కూడా అలాగే ఉందట. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు జంటల మీద చేసిన పెద్ద పరిశోధన 2023లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చింది. పాత అధ్యయనాలన్నీ కలిపి, బ్రిటన్‌లో వేల జంటల వివరాలు కూడా తీసుకుని, 130కి పైగా లక్షణాలు చూశారు. వాటిలో 82 నుంచి 89 శాతం లక్షణాల్లో భార్యాభర్తలు ఒకరికొకరు దగ్గరగానే ఉన్నారు. రాజకీయాలు, మతం, చదువు లాంటి వాటిలో పోలిక మరీ గట్టిగా ఉంది. గలగలా మాట్లాడే మనిషికి అలాంటి తోడే దొరుకుతుందా, ముభావంగా ఉండే తోడు దొరుకుతుందా అన్నది మాత్రం బొమ్మా బొరుసూ వేసినట్టే. కాస్తో కూస్తో వ్యతిరేకంగా ఉన్నవాటిలో ఒకటి ఏంటో తెలుసా, పొద్దున్నే లేచేవాళ్ళకి రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళు తగలడం. ఇది చదివి వినిపిస్తే అమ్మ, ‘మీ నాన్నా నేనూ అంతే కదే’ అని సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. అంటే ఈ సినిమాలు చూపించే తేడా, వాగుడుకాయ పక్కన ముంగి, సరిగ్గా పెద్ద లెక్కలోకి రాని తేడా. పెళ్ళిళ్ళు ఆగిపోయే తేడాల జోలికి పోవు.

ఈ బాపతు కథల్లో పాతదీ, నా దృష్టిలో ఇప్పటికీ అన్నిటికన్నా మంచిదీ, 1940 నాటి ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’. ఎర్నెస్ట్ లూబిచ్ తీశాడు. బుడాపెస్ట్‌లో ఒక కొట్టు, అందులో పనిచేసే జేమ్స్ స్టూవర్ట్‌కీ మార్గరెట్ సలవన్‌కీ క్షణం పడదు, కానీ పేర్లు తెలియకుండా ఉత్తరాలు రాసుకుంటూ ప్రేమించుకునేది వాళ్ళిద్దరే. క్రిస్మస్ ముందు రోజు రాత్రి తేలుతుంది. ఇది ఎందుకు నిలిచిందంటే, ఆ ఇద్దరూ ఒకటే రకం మనుషులని సినిమాకి ముందే తెలుసు, వాళ్ళకే తెలియదు. పైగా ఆ కొట్లో ఉద్యోగం పోతే ఏం గతి అన్న భయం ప్రతి సీన్లోనూ ఉంటుంది. 1998లో దీన్నే ‘యూవ్ గాట్ మెయిల్’గా మళ్ళీ తీశారు, ఉత్తరాల బదులు ఈమెయిళ్ళు. అందులో అతని పెద్ద పుస్తకాల షాపు దెబ్బకి ఆమె అమ్మ నడిపిన చిన్న షాపు నిజంగానే మూతపడుతుంది, ఎవరూ వచ్చి కాపాడరు. ఆ ధైర్యం నాకు నచ్చుతుంది. మూయించినవాడినే ఆమె చివర్లో ప్రేమించేయడం దగ్గర మా చెల్లికీ నాకూ ప్రతిసారీ గొడవే.

ఎందుకంటే దాని బాధ వేరు. అది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, సంబంధాలు చూస్తున్నాం. పెళ్ళిచూపుల్లో కాఫీ ఇంకా చల్లారకముందే అడిగేది ఉద్యోగం మానేస్తుందా, కాపురం ఎక్కడ, ఇంటికి డబ్బు పంపిస్తుందా అని. ఒక సంబంధం వాళ్ళు తమ చేపల చెరువుల దగ్గరే ఉండాలన్నారు, ఇంకొకళ్ళు వైఫై ఉంది కదమ్మా ఇంటి నుంచే చేసుకో అన్నారు, కరెంటు సంగతి మాత్రం ఎత్తలేదు. ఈ క్రిస్మస్ సినిమాల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. చివర్లో అమ్మాయి తనంతట తనే పట్నంలో ఉద్యోగం వదిలేసి ఆ ఊళ్ళోనే బేకరీ పెట్టుకుంటుంది, అద్దె ఎవరు కడతారో, జనవరిలో ఆ ఊరికి ఎవడొస్తాడో చెప్పరు. అబ్బాయి పట్నం మారడం ఉండొచ్చేమో గానీ మా ఇంట్లో చూసినవాటిలో చాలా అరుదు. 2022లో వచ్చిన ‘ఫాలింగ్ ఫర్ క్రిస్మస్’లో అయితే ఇంకో అడుగు ముందుకేసి, హోటళ్ళ యజమాని కూతురు లిండ్సే లోహన్‌కి స్కీయింగ్‌లో దెబ్బ తగిలి గతమే మర్చిపోతుంది. తేడా ఉన్న మనిషిని ఒప్పించడం కష్టమని తేడాని బుర్రలోంచే తుడిచేశారు! నవ్వొస్తుంది, చూడొచ్చు, పక్క దుప్పటి సర్దడం రాక ఆమె పడే తిప్పలు బాగుంటాయి.

మన వైపు చూస్తే, సంక్రాంతికి విడుదలయ్యేవన్నీ పండగ సినిమాలు కావు, కొన్నే అవుతాయి. ‘శతమానం భవతి’ అసలైన పండగ సినిమా. 2017 జనవరి 14న వచ్చింది, సతీష్ వేగేశ్న తీశారు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కథ జరిగేది పూతరేకుల ఆత్రేయపురంలోనే. విదేశంలో పెరిగిన అమ్మాయి, ఊళ్ళో ఉండిపోయిన అబ్బాయి, పండగ సెలవులు, సూత్రమంతా అదే. కానీ ఆ కుర్రజంట కన్నా ప్రకాష్‌రాజ్, జయసుధల ముసలి జంటే నాకు గుర్తుండిపోయింది, పిల్లలు రాని ఇంట్లో వాళ్ళు ఎదురుచూసే తీరు మా వీధిలో ప్రతి నాలుగో ఇంట్లో ఉన్నదే.

అయితే అసలు తేడా ఉన్న జంట కావాలంటే ‘మిస్సమ్మ’కి వెళ్ళాలి. 1955 జనవరి 12న విడుదలైంది, సంక్రాంతి ముందు. హిందూ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి మేరీ, ఇద్దరికీ పనిలేదు, జమీందారు గారి బళ్ళో భార్యాభర్తలకే ఉద్యోగాలిస్తారని మొగుడూ పెళ్ళాల్లా నటిస్తారు. ఇవాళ నెట్‌ఫ్లిక్స్‌లో సగం పండగ సినిమాలు నడిచేది ఈ దొంగ కాపురం మీదే, మన ఎన్టీఆర్, సావిత్రి అప్పటికే చేసేశారు. అక్కడ తేడా హైహీల్స్‌ది కాదు. ఒకళ్ళ దేవుడు ఇంకొకళ్ళకి పరాయి, ఆమె మొహాన బొట్టు పెట్టించుకోవాల్సి వస్తే ఉడుక్కుంటుంది, ఆ ఉడుకుమోత్తనం వెనక నిజమైన అవమానం ఉంటుంది. సావిత్రి అది ఎంత బాగా చేసిందో ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. చివరికి మాత్రం, మేరీ అసలు మేరీయే కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుస్తారు. ఎల్వీ ప్రసాద్ అంతటి దర్శకుడు కూడా ఆ పెళ్ళిని మేరీగా మేరీకి చేయించలేకపోయాడు. మా ఇంట్లో ఆ సీను దగ్గర ఎప్పుడూ కాస్త నిశ్శబ్దం. అమ్మకి ఆ సినిమా అంటే ప్రాణం, అయినా ఒకసారి ‘మేరీలాగే ఉంటే ఏం పోయేదిట’ అంది. అరవై డెబ్భై ఏళ్ళు గడిచినా ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ పండగ సినిమా ఆ గీత దగ్గరే ఆగుతోంది. తేడా చూపిస్తుంది, అది ముదిరేలోపు ఏదో ఒక పుట్టుమచ్చ తెచ్చి పెడుతుంది.

మతం మాటొచ్చింది కాబట్టి అమ్మ ఫిర్యాదు కూడా చెప్పాలి. ‘క్రిస్మస్ సినిమా అంటారు, ఒక్కళ్ళూ చర్చికెళ్ళరేంటే?’ నిజమే. చెట్టుంటుంది, కేకుంటుంది, శాంటా ఉంటాడు, ఏసుప్రభువు పేరు ఎత్తరు, పాస్టరు అయ్యగారు కనపడరు. పండగకి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్‌లూ, అర్ధరాత్రి వీధి వీధీ తిరిగే కేరల్స్ బృందాలూ, వెదురు గడకి కట్టిన స్టారూ చూసి పెరిగిన మాకు ఇది వింతగానే ఉంటుంది.

వాడగా వాడగా అరిగిపోయింది ఆ ముప్పావు దగ్గరి అపార్థం. ఒక్క ఫోను చేసి అడిగితే తేలిపోయేదానికి అరగంట ఏడుపు, ఆ టైంలో మేం అన్నాలు వడ్డించుకుంటాం. అరగనివి నాయనమ్మలు, పనివాళ్ళు, ఊరి పోస్టాఫీసు ఆవిడ లాంటి చిన్న పాత్రలు.

మొదటిసారి చూసేవాళ్ళు ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’తో మొదలుపెట్టండి, నలుపు తెలుపు అని జంకొద్దు. మనసు బాగోని రోజున, జ్వరం వచ్చిన రోజున హాల్‌మార్క్ బాపతు ఏదైనా పర్లేదు, పేరు కూడా గుర్తుంచుకోనక్కర్లేదు. ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ మొదటి భాగం కన్నా 2018లో వచ్చిన రెండోది నాకు నచ్చింది, చెల్లి ఒప్పుకోదు. న్యూయార్క్ విలేకరి పిల్లకి రాజభవనం కట్టుబాట్లతో ఊపిరాడకపోవడం, బయట పనివాళ్ళు జీతాల కోసం గోల చెయ్యడం, తేడా అంటే ఏంటో అక్కడ కాస్తయినా తెలుస్తుంది. 2019 నాటి మూడోదాంట్లో 600 ఏళ్ళ నాటి ఒప్పంద పత్రం ఎవరో కొట్టేస్తారు, అందరూ దాన్ని వెతుకుతుంటారు. అది బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ చూడొచ్చు.